గళ్ల నోటుబుక్కులో మెలికల ముగ్గు

మన సావనీరులో హాబీల మీద వ్యాసం ఎవరో ఒకరు వ్రాయడం మామూలే. స్టాంపులు, ఫోటోలు, తోటపని వగైరా. నేను చెప్పబోయే హాబీకి అంత సరంజామా అక్కర్లేదు. ఒక గళ్ల నోటుబుక్కు, ఒక బాల్ పెన్ను వుంటే చాలు. బొమ్మలు వేయడం రానివాళ్లకే ఇది బాగా అబ్బుతుందని నా నమ్మకం. పరీక్షల ముందు హాస్టల్లో నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లే మిత్రులు మరీ శ్రద్ధగా చదవగలరు.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని రిక్ రాబర్ట్స్, మరియా థామస్ అనే ఇద్దరు సుమారు ఇరవై ఏళ్ల కిందట ‘జెంటాంగిల్’ అనే పేరుతో ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. మూడున్నర అంగుళాల చదరపు కాగితం మీద చిన్న చిన్న గీతలను వరుసగా అల్లుకుంటూ పోవడం. రబ్బరు వాడకూడదు. వేసేది ఏ బొమ్మ అవుతుందో ముందు అనుకోకూడదు. గీత మీదనే ధ్యాస. ఇది మనసుకు నెమ్మదినిస్తుందని దేశదేశాల్లో నేర్చుకుంటున్నారు. మంచిదే. కాని దాని గురించి చదువుతున్నంతసేపూ నాకు మా చిన్నమ్మ వాకిలే కళ్లముందు మెదిలింది.

మాది నిజాంసాగర్ పక్క పల్లె. నిజాంసాగర్ అనగానే అందరికీ ఆనకట్టే గుర్తొస్తుంది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు పుస్తకాలకెక్కింది, ఎక్కవలసిందే. మరి దాని కింది పల్లెల్లో తెల్లవారక ముందే సానుపు జల్లి, లెక్క తప్పకుండా చుక్కలు పెట్టే ఆడవాళ్ల లెక్క ఏ పుస్తకంలో వుంది? బజారులో దొరికే ముగ్గుల పుస్తకాల్లో బొమ్మలుంటాయి, కారణాలుండవు.

ముగ్గుల్లో చుక్కలను కలిపేవి కొన్ని, చుక్కల చుట్టూ తిరిగేవి కొన్ని. రెండో రకమే మెలికల ముగ్గు. గీత చుక్కను ముట్టదు. ప్రతి చుక్కనూ చుట్టుకొని, తన్ను తానే దాటుకుంటూ పోయి, బయలుదేరిన చోటికే వచ్చి కలుస్తుంది. నేను బి.ఎస్‌సి. లెక్కలు చదివే రోజుల్లో సంక్రాంతి సెలవులకు పోయి, నేర్పమని చిన్నమ్మ పక్కన కూర్చున్నాను.

“మొగపిల్లగానివి, నీకెందుకు బిడ్డా ముగ్గుల పని?” అన్నది ముందు. తర్వాత పిండి చేతికిచ్చి, “ఒక దిక్కు ఎన్ని చుక్కలు పెడితివో, ఇంకో దిక్కు ఒక్కటి ఎక్కువ పెట్టు. గీత మల్ల ఇంటికొస్తది. రెండు దిక్కులా సమానం పెడితే ముక్కలు ముక్కలయితది” అన్నది.

బడి మొహం చూడని మనిషి చెప్పిన ఈ మాటలో ఎంత వుందో చూద్దాం. ఇక్కడ చెప్పేదంతా సరిచుక్కల ముగ్గు గురించి, అంటే వరుసలు ఒకదాని కింద ఒకటి తిన్నగా వుండే ముగ్గు. సందుచుక్కల దారి వేరు.

నోటుబుక్కులో పెన్సిలుతో 6 గళ్ల వెడల్పు, 4 గళ్ల ఎత్తు వుండే పెట్టె గీయండి. ఎడమ అంచు నుంచి ఒకటి, మూడు, అయిదో నిలువు గీతలు, కింది అంచు నుంచి ఒకటి, మూడో అడ్డ గీతలు కలిసే చోట్ల చుక్కలు పెట్టండి. మూడేసి చుక్కలు రెండు వరుసలయినాయి. ఇప్పుడు మొదటి చుక్కకు సరిగ్గా కింద, అంచు మీద పెన్ను ఆనించి, గడి మూల నుంచి మూలకు ఏటవాలుగా కుడివైపు పైకి పోండి. అంచు తగిలితే క్యారంబోర్డు మీద కాయిన్ మాదిరి మళ్లండి. మధ్యలో ఎక్కడా ఆగవద్దు, ఆలోచించవద్దు. 24 గళ్లు దాటేసరికి పెన్ను మొదలుపెట్టిన చోటే వుంటుంది. ఆరు చుక్కలూ చుట్టబడతాయి, గీత తన్ను తాను ఏడు చోట్ల దాటుతుంది.

ఎందుకిలా? అడ్డంగా పోయి వచ్చేందుకు 12 గళ్లు, నిలువుగా పోయి వచ్చేందుకు 8 గళ్లు. రెండూ ఒకేసారి పూర్తయ్యేది వాటి క.సా.గు. దగ్గర, అంటే 24 దగ్గర. పెట్టెలో వున్న గళ్లు కూడ 24, ఒక్కో గడిలో ఒక్కో ఏటవాలు గీతే. కనుక ఒక్క గీతతో పెట్టె నిండింది. అదే రెండు వరుసల్లో రెండేసి చుక్కలు పెడితే పెట్టెకు 16 గళ్లు, గీత మాత్రం 8 గళ్లకే ఇల్లు చేరుతుంది. మిగిలిన 8కి ఇంకో గీత కావాలి. మొత్తం మీద, ఎన్ని గీతలు పడతాయనేది అడ్డం చుక్కల సంఖ్యకూ నిలువు చుక్కల సంఖ్యకూ వున్న గ.సా.భా. చెబుతుంది. పక్కపక్క సంఖ్యల గ.సా.భా. ఎప్పుడూ ఒకటే. చిన్నమ్మ చెప్పిన “ఒక్కటి ఎక్కువ” అదే! మూడు, మూడు పెడితే మూడు ముక్కలు.

మూడు, అయిదు పెట్టినా ఒక్క గీతే వస్తుందని నేను చెబితే ఆమె నమ్మలేదు. వాకిట్లోనే వేసి చూసింది. గీత కలిసినాక, “నీ సదువుల గిది గూడ ఉంటదా?” అన్నది. సిలబస్‌లో గ.సా.భా. వున్నది కాని ముగ్గు లేదని ఆమెకు చెప్పడం నాకు కష్టమే అయింది.

దీన్ని పట్టించుకున్న పండితులు లేకపోలేదు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమల కృతివాసన్‌లు తమిళుల కోలం ముగ్గుల మీద 1970ల్లోనే పరిశోధన చేశారు. ముగ్గును ఒక భాషగా, దాని మెలికలను వ్యాకరణ సూత్రాలుగా చూపిన వారి పత్రం 1974లో వెలువడింది. ఆఫ్రికాలో అంగోలా దేశపు చోక్వే జనం ఇసుకలో చుక్కలు పెట్టి, కథ చెబుతూ ఇదే విధంగా గీత తిప్పుతారు. అక్కడ గీసేది మగవాళ్లు! మన హాస్టల్ మిత్రులు సిగ్గుపడవలసిన పని లేదు.

ఇక మనసు సంగతి. ఇది మందని నేను చెప్పను. నాకు తెలిసింది ఇంతే: పెన్ను కదిలేటప్పుడు వచ్చే మలుపు తప్ప మరోటి చూడనక్కర్లేదు, ఏం వేయాలా అన్న నిర్ణయం వుండదు, గీత తిరిగి వస్తుందన్న భరోసా ముందే వుంటుంది. రేపటి పేపరు సంగతి ఆ పది నిమిషాలు పక్కకు పోతుంది. బొమ్మ బాగుందా లేదా అన్న పంచాయితీ కూడ లేదు. జెంటాంగిల్ వారు ఏం వేస్తున్నామో అనుకోవద్దంటారు. మన ముగ్గులో ఆ అవసరమే రాదు, చుక్కలే దారి చూపుతాయి.

కొత్తవారు తొందరపడి పెద్ద ముగ్గుకు పోవద్దు. రెండు–మూడు ఒక వారం, మూడు–నాలుగు ఇంకో వారం. చేయి అలవాటయినాక పెట్టె గీయడం మానేసి, అంచుల దగ్గర మూలలను గుండ్రంగా తిప్పండి, అప్పుడు వాకిటి ముగ్గు అందం వస్తుంది. అయిదు–ఆరుకు 120 గళ్లు, పావుగంట పని. నాలుగు–ఆరు మాత్రం ఒక్క గీతతో కాదు, రెండు పడతాయి. దానికి రెండు రంగుల పెన్నులు దగ్గర పెట్టుకొని, మొదటి గీత ఇల్లు చేరినాక రెండోది మొదలుపెట్టండి.