బీమా తగాదాల్లో ఫైలు నడిపే కొలువు

ఆసుపత్రి బిల్లు చెల్లించేది లేదని బీమా కంపెనీ నుంచి ఉత్తరం వచ్చిందనుకోండి. పాలసీదారు ముందు చాలా దారులే ఉంటాయి. కంపెనీ ఫిర్యాదుల విభాగం, బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, వినియోగదారుల కమిషన్. ఒక్కోదానికి ఒక్కో గడువు, ఒక్కో షరతు. అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లాలంటే ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా మొరపెట్టుకుని ఉండాలి. కంపెనీ కాదన్న ఏడాదిలోపు రావాలి. అదే గొడవ కోర్టులోనో కమిషన్‌లోనో నడుస్తూ ఉండకూడదు. కంపెనీ అసలు జవాబే ఇవ్వకపోతే, ఉత్తరం పంపిన నెల దాటాక ఆ ఏడాది లెక్క మొదలవుతుంది. కమిషన్‌కైతే రెండేళ్ల గడువు. ఎంత న్యాయమైన క్లెయిమైనా ఈ లెక్క తప్పితే గుమ్మంలోనే ఆగిపోతుంది. అందుకే లా, కామర్స్, ఇన్సూరెన్స్ చదివే విద్యార్థులు లాయరు, ఆర్బిట్రేటర్ అనే పేర్ల దగ్గరే ఆగకుండా, ఈ కేసులను మొదటి కాగితం నుంచి ఆఖరి చెల్లింపు దాకా నడిపించే పనిని కూడా వృత్తిగా చూడాలంటున్నాను.

ఈ పని విలువ తెలియాలంటే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ నియమాలు, 2017 ఒకసారి తిరగేయాలి. 2023 సవరణతో అంబుడ్స్‌మన్ ఇప్పించగల పరిహారం 30 లక్షల రూపాయల నుంచి 50 లక్షలకు పెరిగింది. ఇరుపక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే మీడియేషన్ చేసి నెలలోపు సిఫారసు ఇస్తారు. రాజీ కుదరకపోతే మూడు నెలల్లో అవార్డు ఇవ్వాలి. అయితే ఆ మూడు నెలల లెక్క మొదలయ్యేది ఫిర్యాదు పడిన రోజున కాదు, ఫిర్యాదుదారు ఇవ్వాల్సిన కాగితాలన్నీ చేరిన రోజున. అంటే ఒక ఉద్యోగి పాలసీ కాపీ ఈ వారం, డిశ్చార్జ్ సమ్మరీ వచ్చే వారం, సమ్మతి పత్రం ఆపై నెల అడుగుతూ పోతే నియమం ఒక్కటీ తప్పదు, కానీ ఆ కుటుంబానికి ఏడాది గడిచిపోతుంది. ఫైలు చేతికొచ్చిన రోజే లోటుపాట్లన్నీ చూసి ఒకే ఉత్తరంలో అడిగే ఉద్యోగి ఉంటే గడియారం వెంటనే తిరుగుతుంది. అటు కంపెనీ నుంచి దాని వాదన మొత్తం ఉండే సెల్ఫ్ కంటెయిన్డ్ నోట్ తెప్పించడం, హియరింగ్‌కు రెండు వైపులా కబురు వెళ్లిందో లేదో చూడటం, అవార్డు తర్వాత 30 రోజుల్లో డబ్బు చేరిందో లేదో కనిపెట్టడం కూడా ఈ పనిలో భాగమే. ఆ గడువు దాటిస్తే కంపెనీ రోజుకు 5,000 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు కట్టాలని 2024 నుంచి ఐఆర్‌డీఏఐ నిబంధన ఉంది. ఎవరో ఒకరు తేదీ రాసిపెడితేనే ఆ నిబంధనకు ప్రాణం.

ఒక ఫైలు తెరిచి చూద్దాం. పాత జబ్బు దాచారన్నది ఆరోగ్య బీమా క్లెయిమ్‌లు తిరస్కరించడానికి తరచూ చూపే కారణం. దానికి కంపెనీ చూపే ఆధారం ఎక్కువగా ఆసుపత్రి కేస్ షీటులో డ్యూటీ డాక్టరు గబగబా రాసిన ఒక్క వాక్యం: షుగర్ పదేళ్లుగా ఉంది. ఆ మాట ఎవరు చెప్పగా రాశారు? రోగా, వెంట వచ్చిన బంధువా? ప్రపోజల్ ఫారంలో ఆ ప్రశ్న అడిగారా? పాలసీ మొదట తీసుకున్నది ఎప్పుడు, మధ్యలో రెన్యువల్ తెగిందా? వరుసగా 60 నెలలు పాలసీ నడిస్తే, మోసం రుజువైతే తప్ప, దాచారన్న సాకుతో క్లెయిమ్ కాదనడానికి వీల్లేదు. జీవిత బీమాలో 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటితే పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. ఈ తేదీలన్నీ ఒక్క పేజీలో వరుసగా పేర్చి, ఒక్కో తేదీ పక్కన దాని రుజువు ఏ పేజీలో ఉందో రాసిస్తే, నిర్ణయించేవారి పని సగం తేలికవుతుంది. ఆ ఒక్క పేజీ రాయగలగడమే ఈ ఉద్యోగంలో అసలు నేర్పు.

ఇక్కడ కొందరు గట్టి అభ్యంతరమే చెబుతారు. కేసుల సంఖ్య, గడువుల లెక్క మీద పడితే న్యాయం వెనక్కి పోతుంది, ఎక్కువ కేసులు తేల్చామని చూపించుకోవడానికి బలహీనుడిని రాజీకి నెడతారు అని. ఈ ప్రమాదం లేదనలేం. దానికి విరుగుడు మాత్రం ఫైళ్లను వేరుచేయడంలోనే దొరుకుతుంది. గది అద్దె పరిమితి పేరుతో బిల్లులో కోత పెట్టారు, సర్వేయరు అరుగుదల ఎక్కువ లెక్కగట్టాడు లాంటివి లెక్కల తగాదాలు. ఇవి మీడియేషన్‌లో తేలికగా తెగుతాయి. మోసం, దాపరికం లాంటి ఆరోపణలున్నచోట మనిషి పరువు కూడా ఇరుక్కుని ఉంటుంది. వాటికి పూర్తి హియరింగ్ కావాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టే ఆఫీసులోనే బలవంతపు రాజీలు పుడతాయి. పైగా అంబుడ్స్‌మన్ అవార్డు కంపెనీని కట్టిపడేస్తుందే గానీ ఫిర్యాదుదారును కాదు. నచ్చకపోతే కమిషన్‌కు వెళ్లే దారి ఆయనకు తెరిచే ఉంటుంది. ఈ మాట ఆయనకు అర్థమయ్యేలా చెప్పడం కూడా ఫైలు నడిపేవారి బాధ్యతే.

ఆర్బిట్రేషన్ సంగతి వేరు. 2023 అక్టోబరులో ఐఆర్‌డీఏఐ సాధారణ బీమా పాలసీల్లోని ఆర్బిట్రేషన్ క్లాజును మార్చాక, వ్యక్తుల పాలసీల్లో అది దాదాపు కనుమరుగైంది. ఫ్యాక్టరీలు, ప్రాజెక్టుల పాలసీల్లో మాత్రం ఇరుపక్షాలూ ఒప్పుకుని ఆ దారి పట్టవచ్చు. పాత పాలసీల తగాదాల్లో ఇంకో మెలిక ఉంది. చెల్లించాల్సిన బాధ్యత ఒప్పుకుని మొత్తం మీదే పేచీ ఉంటే ఆర్బిట్రేషన్, బాధ్యతనే కాదంటే సివిల్ కోర్టు. నర్భేరామ్ పవర్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఈ తేడానే ఖాయం చేసింది. అందుకే తిరస్కరణ లేఖనూ క్లాజునూ పక్కపక్కన పెట్టుకుని చదవకుండా నోటీసు పంపితే నెలలు వృథా. ఆర్బిట్రేషన్ మొదలైతే వాదప్రతివాదాల పత్రాలు ఆరు నెలల్లో, అక్కడి నుంచి 12 నెలల్లో అవార్డు రావాలి. ఇరుపక్షాల ఒప్పందంతో ఇంకో ఆరు నెలలు పొడిగించుకోవచ్చు. ఆపైన కోర్టు పొడిగించకపోతే ఆర్బిట్రేటర్ అధికారమే ముగిసిపోతుంది.

ఇదంతా గుమాస్తా పని, రేపు సాఫ్ట్‌వేర్ చేసేస్తుంది అనేవారూ ఉన్నారు. గడువు గుర్తుచేయడం సాఫ్ట్‌వేర్‌కు చేతనవును, చేయనివ్వండి. కానీ సగం డబ్బు వేసి ఊరుకున్న కంపెనీ ఈమెయిల్‌ను తిరస్కరణగా లెక్కించాలా వద్దా, ఏడాది ఎక్కడి నుంచి మొదలు అన్నది ఎవరో ఒకరు చదివి తేల్చి బాధ్యత తీసుకోవాల్సిన సంగతి. అంబుడ్స్‌మన్ ముందు లాయర్లకు ప్రవేశం లేదు. ఫిర్యాదుదారు తానే రాసుకుంటాడు, తానే మాట్లాడుకుంటాడు. హైదరాబాద్‌లోని అంబుడ్స్‌మన్ కార్యాలయం రెండు తెలుగు రాష్ట్రాలతోపాటు యానాంను కూడా చూస్తుంది. ముఖ్యమైన మాటను నాలుగో పేజీ చివర రాసిన తెలుగు ఉత్తరంలోంచి అసలు పాయింటు పట్టుకుని ఇంగ్లిష్‌లో క్లుప్తంగా పెట్టగలవారికి ఇక్కడ గిరాకీ ఉంటుంది.

చేరే దారులు పెద్ద చిక్కేమీ కాదు. డిగ్రీ ఉన్నవారు ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పెట్టే లైసెన్షియేట్, అసోసియేట్ పరీక్షలు రాయవచ్చు. లాసెట్ ద్వారా మూడేళ్ల లా చేసినవారికి ప్రభుత్వ రంగ బీమా కంపెనీల్లో అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ లీగల్ పోస్టులుంటాయి. బీమా కంపెనీల తరఫున ఆరోగ్య క్లెయిమ్‌లు చూసే టీపీఏల క్లెయిమ్ విభాగాలు, సర్వేయర్ల ఆఫీసులు, మోటారు ప్రమాద కేసులను లోక్ అదాలత్‌లకు సిద్ధం చేసే ప్యానెల్ అడ్వొకేట్ల దగ్గర మొదలుపెట్టినా మంచిదే. హైదరాబాద్‌లో 2021 డిసెంబరులో ప్రారంభమైన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం లాంటి సంస్థల్లో ఇంటర్న్‌షిప్ దొరుకుతుందేమో కనుక్కోండి. మొదట్లో జీతం పెద్దగా ఉండదు, కేసులు మాత్రం మెండుగా ఉంటాయి. సంఖ్యను చూసి కంగారుపడకుండా ఉండాలంటే కాలేజీలో ఉండగానే సాధన మొదలుపెట్టవచ్చు. వినియోగదారుల కమిషన్ల ఉత్తర్వులు ఎవరైనా చదువుకోవచ్చు. ఒక బీమా కేసు తీసుకుని, తీర్పు భాగం చదవకుండా, తేదీల పేజీ మీరే తయారుచేయండి. తర్వాత తీర్పు తెరిచి, కమిషన్ ఏ తేదీ మీద నిలబడిందో, అది మీ పేజీలో ఉందో లేదో చూసుకోండి.