మోల్ లెక్కలంటే భయమెందుకు?

పరీక్షలో మోల్ లెక్క కనిపిస్తే మనలో చాలామంది వదిలేస్తున్నాం. పోతే పోనీ అనుకోవద్దు. రేపు ఇంటర్ సైన్సులోనూ ఇదే లెక్క ఎదురొస్తుంది. అందుకే నాకు అర్థమైన పద్ధతి రాస్తున్నాను.

మోల్ అంటే ఏమిటి?
డజను అంటే 12. అలాగే మోల్ అంటే 6.022 × 10²³ కణాలు. దీనినే అవొగాడ్రో సంఖ్య అంటారు. ఇన్ని కణాలను ఎవరూ లెక్కపెట్టలేరు గదా, అందుకని తూస్తాం. డజను చింతపిక్కలు, డజను కందిగింజలు లెక్కకు సమానమే గాని బరువుకు కాదు. మోల్ కూడా అంతే. ఏ పదార్థమైనా దాని అణుభారాన్ని గ్రాముల్లో తూస్తే ఒక మోల్ అవుతుంది.

ఉదాహరణ: సున్నపురాయిని బట్టీలో కాల్చడం
కాల్షియం కార్బొనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్
(కాల్షియం 40, కార్బన్ 12, ఆక్సిజన్ 16)
సున్నపురాయి: 40 + 12 + 48 = 100
పొడిసున్నం: 40 + 16 = 56
వాయువు: 12 + 32 = 44

ప్రశ్న: 250 గ్రాముల శుద్ధమైన రాయి నుంచి ఎంత పొడిసున్నం వస్తుంది?
1వ మెట్టు: సమీకరణం తుల్యంగా ఉందో లేదో చూడాలి. ఉంది.
2వ మెట్టు: గ్రాములను మోల్స్‌గా మార్చాలి. 250 ÷ 100 = 2.5 మోల్స్.
3వ మెట్టు: ఒక మోల్ రాయికి ఒక మోల్ సున్నం. కాబట్టి 2.5 × 56 = 140 గ్రాములు.
సరిచూడటం: వాయువు 2.5 × 44 = 110. మొత్తం 140 + 110 = 250. సరిపోయింది.

ఒకటి గుర్తుంచుకోండి. 1:1 అంటే గ్రాముకు గ్రాము కాదు, మోల్‌కు మోల్. మార్కులు పోయేది ఇక్కడే.

ఈ లెక్క పుస్తకంలోనే ఉండిపోయేది కాదు. 250 కిలోల మంచి రాయి కాల్చి, బట్టీ నుంచి తీసిన వెంటనే తూస్తే 140 కిలోలు రావాలి. 170 కిలోలు తూగిందంటే లోపల రాయి ఇంకా కాలలేదన్నమాట. అది నీళ్ళలో విరగదు, గోడకు పనికిరాదు.

మీరు చేయండి: 28 గ్రాముల పొడిసున్నం తడిసున్నంగా మారడానికి ఎన్ని గ్రాముల నీరు కలుస్తుంది? తడిసున్నం ఎంత వస్తుంది? (హైడ్రోజన్ 1, ఒక మోల్ సున్నానికి ఒక మోల్ నీరు.) కాగితం మీదే చేయండి. నిజం సున్నంలో నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి కళ్ళలో చిందుతుంది, జాగ్రత్త!

జవాబు: నీరు 9 గ్రాములు, తడిసున్నం 37 గ్రాములు. రానివాళ్ళు రాత్రి స్టడీ అవర్‌లో నా దగ్గరకు రండి, కలిసి చేద్దాం.

— 10వ తరగతి విద్యార్థి