కంచె ఉంది కదా అని ఊరుకోకండి

సిడ్నీలో కొడుకు దగ్గరకో కూతురి దగ్గరకో వచ్చి మనవల్ని చూసుకుంటున్న నాలాంటి పెద్దవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇంట్లో పగలంతా పసివాళ్లతో ఉండేది మనమే. ఇక్కడి నిబంధనలు ఇంటి ఓనర్లకే కాదు, మనకూ తెలిసి ఉండాలి.

1. ముందు గేటు సంగతి. పూల్ గేటు దానంతటదే మూసుకోవాలి, దానంతటదే గడియ పడాలి, తెరిస్తే పూల్ వైపు కాకుండా బయటికి రావాలి. నేను రోజూ పొద్దున్నే ఒకసారి బార్లా తెరిచి వదులుతాను. తర్వాత గడియ ఊడేంత మాత్రమే లాగి వదులుతాను. ఈ రెండోదే అసలు పరీక్ష. స్ప్రింగు వదులైతే గేటు గడియ దాకా వచ్చి ఆగిపోతుంది. వంటింటి కిటికీలోంచి చూస్తే మూసినట్టే ఉంటుంది, పిల్లలు వేలితో లాగినా వచ్చేస్తుంది.

2. గేటుకు కుర్చీ అడ్డం పెట్టొద్దు. తడి తువ్వాళ్లు తెచ్చుకునే రెండు నిమిషాలకైనా సరే.

3. కంచె బయటివైపు నుంచి కనీసం 1.2 మీటర్ల ఎత్తుండాలి. కింది సందూ, చువ్వల మధ్య సందూ 10 సెంటీమీటర్లు దాటకూడదు. ఈ కొలతలు కట్టినవాళ్లు చూసుకుంటారు. మన చేతుల్లో చెడేది కంచె చుట్టూ ఎక్కడానికి ఏ ఆధారమూ లేకుండా ఉంచాల్సిన 90 సెంటీమీటర్ల జాగా. ఎండ బాగా తగులుతుందని కరివేపాకు తొట్టి సరిగ్గా అక్కడే పెడతాం. ఆ తొట్టి అంచు మీద కాలు పెడితే మూడేళ్ల పిల్లకు కంచె పైకమ్మీ చేతికందుతుంది. ఈ దేశంలో కరివేపాకు మొక్కను బతికించడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా జరపండి. మూడు చక్రాల సైకిలు, బట్టలారేసే స్టాండు, ప్లాస్టిక్ బకెట్టు, అన్నీ జరపండి.

4. డిసెంబరు ఎండలకు గాలి కొట్టే పూల్ కొనుక్కొస్తారు. 30 సెంటీమీటర్ల కంటే లోతుగా నీళ్లు పట్టేదైతే దానికీ కంచె ఉండాల్సిందే. చిన్నదైతే ఆట కాగానే నీళ్లు పారబోసి బోర్లించండి.

5. నీళ్లలో మునిగే పసిబిడ్డ అరవదు, చప్పుడు కూడా పెద్దగా ఉండదు. ఇంటినిండా చుట్టాలున్న రోజే నాకు ఎక్కువ భయం. అందరూ ఉన్నారు కదా అని ఎవరూ చూడరు. అందుకే మా ఇంట్లో పిల్లల్ని చూసే బాధ్యత నోటితో చెప్పి అప్పగిస్తాం: "ఇప్పట్నుంచి నువ్వు చూడమ్మా, నేను లోపలికి వెళ్తున్నా." కోడలు "సరే మావయ్యా" అనేదాకా నేను కదలను. పిల్ల కనబడకపోతే మంచాల కింద వెతక్కండి, ముందు పూల్ దగ్గరకు పరిగెత్తండి.

6. న్యూసౌత్‌వేల్స్‌లో 2016 ఏప్రిల్ నుంచి పూల్ ఉన్న ఇల్లు అద్దెకివ్వాలంటే కంచె నిబంధనల ప్రకారం ఉందన్న సర్టిఫికెట్ ఉండాలి. అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందే అది అడిగి తీసుకోమని పిల్లలకు చెప్పండి.

7. పూల్ దగ్గర సీపీఆర్ బోర్డు తప్పనిసరి. బోర్డు చూసి నేర్చుకునే సమయం ఆ క్షణంలో ఉండదు కాబట్టి ఇప్పుడే ఎక్కడైనా నేర్చుకోండి. అంబులెన్సుకు 000. ఇంటి అడ్రసు తెలుగు అక్షరాల్లో రాసి ఫ్రిజ్ మీద అంటించండి, కంగారులో వీధి పేరు నోటికి రాదు.