మధ్యవర్తుల నడుమ సాఫ్ట్‌వేరు వృత్తి

ఇంజనీరింగు పట్టమును చేతబట్టుకొని హైదరాబాదు అమీర్‌పేట వీథులలో కోర్సుల ప్రకటనలు చదువుచు తిరుగు యువకులలో పలువురు, కొంతకాలము ఏదేని కంపెనీలో పనిచేసి, పిమ్మట స్వతంత్రముగా కాంట్రాక్టులు చేపట్టి గంటల లెక్కన సంపాదింతమని తలపోయుదురు. ఈ ఆశ నిరాధారమైనది కాదు. కాని దానికి ఆధారభూతమైన వ్యవస్థ గడచిన నలువదియేండ్లలో క్రమక్రమముగా రూపుమారి, స్వతంత్రుడనిపించుకొను సాఫ్ట్‌వేరు నిపుణుడు తన శ్రమఫలము ననుభవించు సంస్థతో తరచుగా ఒక్క కాగితముపైనను సంతకము చేయజాలని స్థితి యేర్పడినది. ఆ మార్పు యెట్లు సంభవించెనో యెరుగక ఆ మార్గమున నడుగిడుట క్షేమకరము కాదు.

అమెరికాలో 1970, 80 దశకములలో ఎందరో ప్రోగ్రామరులు వకీళ్లవలె సొంత ఖాతాపై వృత్తి సాగించుచుండిరి. ఒక బ్యాంకు లెక్కల వ్యవస్థనో, ఒక బీమా సంస్థ పాలసీల వ్యవస్థనో ఆమూలాగ్రముగా నెరిగిన వ్యక్తి ఆ సంస్థతో నేరుగా ఒడంబడిక చేసికొని, పని ముగించి, బిల్లు పంపి, వేరొక సంస్థకు పోవుచుండెను. ఇట్టివాడు ఉద్యోగియా స్వతంత్రుడా యని పన్నుశాఖతో వివాదము వచ్చినప్పుడు, తగిన ఆధారముతో ఒకే పద్ధతి ననుసరించుచు వచ్చిన సంస్థలకు 1978 నాటి రెవెన్యూ చట్టములోని 530వ సెక్షను రక్షణగా నుండెను. 1986లో వచ్చిన పన్ను సంస్కరణ చట్టమున సెనేటరు మోయ్నిహన్ చొరవతో చేరిన 1706వ సెక్షను, మధ్యవర్తి సంస్థల ద్వారా పనిచేయు ఇంజనీర్లు, ప్రోగ్రామరులు, సిస్టమ్స్ ఎనలిస్టుల విషయమున ఆ రక్షణను తొలగించినది. సాంకేతిక వృత్తులవారు పన్ను చెల్లింపున తక్కిన స్వతంత్ర వృత్తులవారికి తీసిపోలేదని 1991లో ఆ దేశపు కోశాగార శాఖ జరిపిన పరిశీలనమే తెలిపినను, ఆ సెక్షను మాత్రము నిలిచిపోయినది. పన్నుశాఖ తనిఖీకి వెఱచిన కంపెనీలు వ్యక్తులను స్వతంత్రులుగా పెట్టుకొనుటకు జంకి, ఏదేని ఏజెన్సీకి ఉద్యోగిగా చేరి రమ్మని వారికి చెప్పజొచ్చినవి.

ఈ భయమునకు ఒక వ్యాజ్యము తోడైనది. మైక్రోసాఫ్టులో స్వతంత్రులన్న పేర ఏండ్ల తరబడి పనిచేసినవారు, ఉద్యోగులకు గల వాటాల కొనుగోలు సౌకర్యము తమకును చెల్లవలెనని 1992లో న్యాయస్థానమున కెక్కగా, తుదకు 2000వ సంవత్సరమున ఆ సంస్థ 9 కోట్ల 70 లక్షల డాలర్లకు రాజీపడినది. న్యాయము పనివాని పక్షమున నిలిచినదనుటలో సందేహము లేదు. అయినను దీనినుండి పెద్ద సంస్థలు నేర్చిన పాఠము, పనివానికిని తమకును నడుమ వేరొక సంస్థను తప్పక నిలుపవలెననునది. తాత్కాలిక సిబ్బందిని సమకూర్చు భారమును ఒక నిర్వాహక సంస్థకు గుత్తకిచ్చి, అది ఆమోదించిన కొద్దిమంది ‘ప్రైమ్ వెండర్ల’ ద్వారా తప్ప ఎవ్వరిని లోనికి రానీయని పద్ధతి ఇట్లే స్థిరపడినది. బ్రిటనులోను, స్వతంత్రుడనువాడు నిజముగా ఉద్యోగియా యని తేల్చుటకై 2000లో వచ్చిన ఐఆర్-35 పన్ను నిబంధనలు, అందు ఆ నిర్ణయభారమును పనిచేయించుకొను సంస్థపై మోపిన 2017, 2021 నాటి మార్పులు ఇంచుమించు ఇట్టి ఫలితమునే యిచ్చినవి. ఇంతలో ఔట్‌సోర్సింగు ప్రబలి, ఒకప్పుడు పదిమంది వ్యక్తులు వేర్వేరుగా చేసెడి పనులు ఒక్క మహా ఒప్పందమున కలిసి, వేలమంది సిబ్బంది గల కంపెనీల వశమైనవి.

తెలుగువారు ఈ రంగమున పెద్దయెత్తున ప్రవేశించినది సరిగా ఈ దశలోనే. వై2కె కంప్యూటరు సమస్య తరుణమునను, తరువాతను అమెరికా ప్రభుత్వము విదేశీ నిపుణులకిచ్చు హెచ్-1బి వీసాల వార్షిక పరిమితిని 65,000 నుండి 1,15,000కును, 2001 మొదలు 2003 వరకు 1,95,000కును పెంచినప్పుడు, మన యువకులను కొనిపోయి క్లయింటులకు గంటల లెక్కన అప్పగించు కన్సల్టెన్సీలు పుట్టగొడుగులవలె మొలచినవి. నేటికిని హైదరాబాదున సాయంకాలము మొదలుకొని తెల్లవారుజాము వరకు దీపములు వెలుగు చిన్న కార్యాలయములు పెక్కు కలవు. అందు ‘బెంచ్ సేల్స్’ ఉద్యోగులు అమెరికా పగటివేళకు మేల్కొని, పనిలేక యున్న అభ్యర్థి నైపుణ్యమేమి, వీసా యేది, ఎన్నేండ్ల అనుభవము, వేరొక ఊరికి తరలిపోగలడా యను వివరములతో ‘హాట్‌లిస్టు’ను వెండర్లకు పంపుదురు. బదులు వచ్చినచో, మీ పక్షమున మేమే దరఖాస్తు చేయుదుమని అభ్యర్థిచేత ‘ఆర్‌టీఆర్’ అను అంగీకారపత్రము వ్రాయించుకొందురు. ఒకే ఉద్యోగమునకు ఇరువురు వెండర్లు ఒకే అభ్యర్థిని పంపినచో, క్లయింటు తరచుగా ఆ అభ్యర్థినే త్రోసిపుచ్చును. తప్పు మధ్యవర్తులది, నష్టము పనివానిది.

ధనము చేతులు మారు తీరును గమనింపుడు. క్లయింటు గంటకు 100 డాలర్లిచ్చుననుకొందము. ప్రైమ్ వెండరు 20 ఉంచుకొని 80 తన క్రింది వెండరున కిచ్చును. ఆతడు 10 మిగుల్చుకొని 70 కన్సల్టెన్సీకి పంపును. అది 80-20 పాలు చొప్పున పనివానికి 56 లెక్కకట్టి, యజమాని చెల్లింపవలసిన పన్నును సైతము అందుండియే తగ్గించును. నడుమ వచ్చు ప్రతి ‘లేయరు’తోను ఈ మొత్తము ఇంకను తరుగును. క్లయింటు వాస్తవముగా నెంత యిచ్చుచున్నాడో పనివానికి తెలియనే తెలియదు, తెలియనీయరు. ఈ వ్యవస్థలో నాకు మిక్కిలి బాధ కలిగించునది ఈ చీకటియే. 2024 ఆర్థిక సంవత్సరపు హెచ్-1బి లాటరీకి వచ్చిన 7,80,000కు మించిన నమోదులలో నాలుగు లక్షలకు పైగా, ఒకే వ్యక్తి పేర ఒకటికన్న నెక్కువగా దాఖలైనవే యగుట, మరుసటి యేట ఒక వ్యక్తి ఒక్కమారు మాత్రమే లెక్కకు వచ్చునట్లు అచటి ప్రభుత్వము నిబంధన మార్చుట, ఈ మధ్యవర్తుల పరంపర యెంతవరకు పోయినదో తెలుపుచున్నవి.

కావున విద్యార్థులకు నేను చెప్పదగినవి కొన్ని కలవు. మొదటి నాలుగైదేండ్లు కాంట్రాక్టుల జోలికి పోక, పని చేయించుకొను సంస్థలోనే నేరుగా ఉద్యోగము సంపాదింప యత్నింపుడు. విదేశీ సంస్థలు హైదరాబాదు, బెంగుళూరులలో నెలకొల్పుకొన్న సొంత కేంద్రములు నేడు ఇట్టి అవకాశములను విస్తారముగా కల్పించుచున్నవి. అచట బ్యాంకింగో, ఔషధ పరిశ్రమయో, సరకు రవాణాయో ఏదో యొక రంగపు లోతులను గ్రహింపుడు. ప్రోగ్రాము భాష నేర్చినవారు వేలు లభింతురు. బీమా క్లెయిము ఏ దశలో ఏల ఆగిపోవునో యెరిగి ప్రోగ్రాము వ్రాయువారు కొలదిమందియే. క్లయింటు మధ్యవర్తిని దాటి పేరుపెట్టి కోరి పిలుచునది వారినే.

లేని అనుభవమును కల్పించు ‘ఫేక్ ఎక్స్‌పీరియన్సు’ పత్రములకును, వేరొకనిచే మాటలాడించు ‘ప్రాక్సీ’ ఇంటర్వ్యూలకును, లక్షలు వసూలుచేసి ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగము చూపింతుమను వారికిని ఎంతటి దుస్థితిలోనైనను లొంగకుడు. ఉద్యోగమున చేరిన చాలకాలమునకు జరుగు తనిఖీలోను ఇవి బయటపడి, ఉద్యోగమునే కాక పేరును సైతము హరింపగలవు. విద్యార్హతల అసలు పత్రములను ఎవ్వరికిని అప్పగింపకుడు. ఉద్యోగము వీడిన పిమ్మట ఈ వృత్తిలోనే పనిచేయరాదను షరతు 1872 నాటి భారత ఒప్పంద చట్టములోని 27వ సెక్షను ననుసరించి సాధారణముగా చెల్లదు. అయినను శిక్షణవ్యయమునకై వ్రాయించుకొను బాండులను న్యాయస్థానములు సమర్థించిన సందర్భములు కలవు గనుక, చదువక సంతకము చేయరాదు. అమెరికా పోవువారు హెచ్-1బి యజమాని దరఖాస్తు ఖర్చును పనివానిపై మోపరాదనియు, పని చూపింపలేక ‘బెంచి’పై నుంచిన కాలమునకును జీతమీయవలెననియు అచటి చట్టము విధించుచున్నదని గుర్తింపవలెను. ఈ హక్కులను అడిగి తెలిసికొన్న అభ్యర్థిని ఈసడించు సంస్థ యేదైనను, దానికి దూరముగా నుండుటయే మేలు.

ఇక నిజముగా స్వతంత్రవృత్తి సాగింపదలచువారు విదేశములవైపే చూడనక్కరలేదు. గుంటూరు శీతల గిడ్డంగులు, వరంగల్లు ఆసుపత్రులు, హైదరాబాదు పరిసరములలోని మందుల తయారీ సంస్థలు, జిల్లా కేంద్రములలోని విత్తన వ్యాపారులు తమ లెక్కలకును నిల్వలకును తగిన వ్యవస్థ యమర్చువారికై వెదకుచునేయున్నారు. అట్టి సంస్థ యజమాని మీ యెదుటనే కూర్చుండి మాటలాడును. మీకును ఆతనికిని నడుమ ఎవ్వరును ఉండరు. ఆదాయము స్వల్పముగా మొదలైనను, ఒకరు మెచ్చినచో వేరొకరికి చెప్పుదురు. ‘ఉద్యమ్’ నమోదు చేయించుకొన్న సూక్ష్మ, చిన్న సంస్థకు చెల్లింపు 45 దినములకు మించరాదని 2006 నాటి ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టము నిర్దేశించుచున్నది. జాప్యమైనచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడింతల చక్రవడ్డీని కోరు హక్కు కలదు. వివాదమునకు తావులేకుండ పని పరిధి, గడువు, వాయిదాలు, పని ముగిసిన పిమ్మట కోడు ఎవరి సొత్తగుననునది, మధ్యలో కోరు మార్పులకు వేరుగా ఎంత యిత్తురనునది ఒక కాగితముపై విస్పష్టముగా వ్రాసి, ఇరువురును సంతకములు చేసి, తొలి వాయిదా సొమ్ము చేతికందిన పిదపనే పని నారంభింపుడు.