కంట్లో కనిపించిన రావి ఆకు

ఆర్.కె.పురం, కొత్త ఢిల్లీ
జనవరి

చిరంజీవి అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

చలి బాగా ముదిరింది. పొద్దున పది దాటితే గానీ పొగమంచు విడవదు. ఎండ రాగానే పేపరు పట్టుకుని డాబా ఎక్కుతున్నాను. ఈ ఉత్తరం కూడా అక్కడే కూర్చుని రాస్తున్నాను.

మొన్న ఫోన్లో నువ్వొక ప్రశ్న అడిగావు. "కన్ను కెమెరా లాంటిది, రెటీనా ఫిల్ము లాంటిది అని పుస్తకంలో ఉంది తాతయ్యా. ఫిల్ముకి నాడీకణాలెందుకు?" అని. ముప్పయ్యేళ్లకు పైగా ఈ ఊళ్లో జీవశాస్త్రం పాఠాలు చెప్పాను. ఇంత సూటిగా ఈ మాట అడిగిన పిల్లలు నాకు వేళ్ల మీద లెక్క. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పి సరిపెట్టడం ఇష్టం లేక ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

పెళ్లిలో అరుంధతిని ఎలా చూపిస్తారో తెలుసుగా. ముందు సప్తర్షుల్లో వసిష్ఠుణ్ణి, ఆ పెద్ద చుక్కని చూపిస్తారు. చూపు అక్కడ కుదిరాక పక్కనే ఉన్న చిన్న చుక్క వైపు మళ్లిస్తారు. మన శాస్త్రకారులు దీన్ని స్థూలారుంధతీ న్యాయం అన్నారు. కెమెరా పోలిక ఆ పెద్ద చుక్క లాంటిది. కంటి ముందుభాగం వరకు, అంటే కార్నియాకీ లెన్సుకీ, అది సరిపోతుంది. రెటీనా దగ్గరికి వచ్చాక దాన్ని వదిలెయ్యాలి. ఎందుకంటే రెటీనా మెదడులో ఒక ముక్క. పిండదశలో మెదడు నుంచే మొగ్గలా బయటికి పెరిగి కంట్లో పరుచుకుంటుంది. మందం మిల్లీమీటరులో నాలుగో వంతు. అంత పల్చటి పొరలో అయిదు రకాల నాడీకణాలు అంతస్తులుగా ఉంటాయి.

పదిహేను రోజుల కిందట కళ్లు చూపించుకోవడానికి ఎయిమ్స్ ఆవరణలో ఉన్న రాజేంద్ర ప్రసాద్ కంటి కేంద్రానికి వెళ్లాను. మన తొలి రాష్ట్రపతి పేరుతో 1967లో పెట్టిన ఆసుపత్రి అది. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేశారు. డాక్టరమ్మ సన్నటి వెలుగుని కంట్లోకి పంపి అటూ ఇటూ జరుపుతుంటే ఉన్నట్టుండి నా ఎదుట ఒక రావి ఆకు కనిపించింది. పుస్తకంలో దాచి ఎండబెట్టిన ఆకులో ఈనెలు మాత్రం మిగిలి ఉంటాయే, అచ్చం అలా. వెలుగు కదులుతున్నంతసేపే ఉంది, ఆగగానే మాయమైంది.

అవి నా కంట్లోని రక్తనాళాలే. రెటీనాలో వెలుగుని పట్టే కణాలు అన్నిటికన్నా వెనక వరసలో ఉంటాయి. వాటి ముందు మిగతా నాడీకణాలు, ఆ పైన రక్తనాళాలు. అంటే పుట్టినప్పటి నుంచీ మనం చూసే ప్రతి దృశ్యం మీదా ఆ నాళాల నీడ పడుతూనే ఉంది. అయినా కనపడదు. నాళాలు కంటితో పాటే కదులుతాయి కాబట్టి నీడ ఎప్పుడూ అవే కణాల మీద పడుతుంది. మారని సంగతిని రెటీనా పైకి పంపదు. డాక్టరమ్మ వెలుగు జరిపేసరికి నీడ పక్క కణాల మీదికి జరిగింది, అప్పుడే అది వార్త అయింది. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 1800ల తొలినాళ్లలోనే తన కంట్లో దీన్ని చూసి రాసిపెట్టాడు.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఆకులోనే ఉందమ్మా. రెటీనా బొమ్మలు పంపదు. ఎక్కడ తేడా ఉందో, ఎప్పుడు మార్పు వచ్చిందో, ఆ సంగతే పంపుతుంది. మిగతాది అక్కడే వదిలేస్తుంది.

అలా వదలక తప్పదు కూడా. నీ పుస్తకంలో లెక్క ఉంటుంది, చూడు. ఒక్కో కంట్లో వెలుగుని పట్టే కణాలు రెండు రకాలు: సుమారు 12 కోట్ల దండ కణాలు, 60 లక్షల శంకు కణాలు. మెదడుకి వెళ్లే దృక్ నాడిలో తంతువులు మాత్రం పది పన్నెండు లక్షలు. వంద గొంతులు చెప్పేదాన్ని ఒక్క తీగ మీద పంపాలి. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అని తేల్చేది మధ్యలో ఉన్న కణాలు. నీ ప్రశ్నకి జవాబు అదే.

ఇప్పుడు నా చేతిలో ఉన్న పేపరు సంగతి చూద్దాం. ఎండలో తెల్ల కాగితం మీద నల్లటి అక్షరాలు. రాత్రి ఇదే పేపరుని గదిలో ట్యూబులైటు కింద చదువుతాను. అప్పుడూ కాగితం తెల్లగానే, అక్షరం నల్లగానే ఉంటుంది. కానీ ఎండ ఆ ట్యూబులైటు కన్నా వంద రెట్లకు పైగా బలమైనది. అందుకని ఎండలో ఉన్న నల్ల అక్షరం నుంచి నా కంటికి చేరే వెలుగు, రాత్రి తెల్ల కాగితం నుంచి చేరేదానికన్నా ఎక్కువ! ఎంత వెలుగు పడిందో అంతా చెప్పే పరికరమైతే మధ్యాహ్నపు నలుపుని రాత్రి తెలుపు కన్నా తెల్లనిదని చెప్పాలి. నా కన్ను అలా చెప్పదు. పక్కదానితో పోల్చి చెబుతుంది.

ఆ పోల్చే పని మొదలయ్యేది హారిజాంటల్ కణాల దగ్గర. ఇవి అడ్డంగా చేతులు చాచుకుని, చుట్టుపక్కల కణాల మీద ఎంత వెలుగు పడిందో కూడి, ఆ మేరకు ప్రతి కణం గొంతునూ తగ్గిస్తాయి. అంతా ఒకేలా ఉన్నచోట కూడికా తీసివేతా సరిపోయి మిగిలేది కొంచెమే. అక్షరం అంచు దగ్గర లెక్క సరిపోదు, అక్కడ గట్టి సందేశం పుడుతుంది. ఈ కిటుకు మొదట బయటపడింది గుర్రపు డెక్క ఆకారంలో ఉండే ఒక సముద్రజీవి కంట్లో. దాని కంట్లో ఒక భాగం మీద వెలుగు వేసి, ఆ తర్వాత పక్క భాగం మీద కూడా వేస్తే, మొదటి దాని నాడి నెమ్మదించింది. దాన్ని పట్టుకున్న హార్ట్‌లైన్‌కి 1967లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. 1953లో స్టీఫెన్ కఫ్లర్ పిల్లి రెటీనాలోనూ ఇలాంటిదే చూశాడు. చిన్న వెలుగు చుక్క వేస్తే, దృక్ నాడిలోకి తంతువు పంపే గాంగ్లియాన్ కణం జోరుగా స్పందించింది. చుక్కని పెద్దది చేసి చుట్టూ పరిస్తే స్పందన తగ్గిపోయింది.

ఇంకో వింత చెబుతాను, పరీక్షలో అడగకపోయినా గుర్తుంచుకో. దండ, శంకు కణాలు చీకట్లో ఆపకుండా గ్లూటమేట్ అనే రసాయనాన్ని వదులుతుంటాయి. వెలుగు పడితే తగ్గిస్తాయి. అంటే వాటికి మౌనమే వెలుగు. తర్వాతి వరసలోని బైపోలార్ కణాలు రెండు జట్లు. ఒక జట్టు ఆ మౌనాన్ని తిరగేసి "వెలుగు పెరిగింది" అంటుంది. రెండోది ఉన్నదున్నట్టు తీసుకుని "వెలుగు తగ్గింది" అంటుంది. మొదటి మెట్టు నుంచే రెండు వేరు వేరు దారులు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరం ఎంత స్పష్టమో, నల్ల పలక మీద తెల్ల అక్షరం అంత స్పష్టంగా ఉండడంలో ఈ రెండు దారుల పాత్ర ఉంది.

అన్నిచోట్లా కుదింపు ఒకేలా ఉండదు. చెయ్యి బారుగా చాచి బొటనవేలి గోరుని చూడు. ఆ గోరంత మేరే మనం నిజంగా పదునుగా చూసేది. ఆ భాగం పడేచోటు ఫోవియా. దాని నడుమ దండ కణాలు లేవు. అక్కడ ఒక్కో శంకు కణానికీ మెదడు దాకా దాదాపు సొంత దారి ఉంటుంది. అంచులకు పోయేకొద్దీ వందల దండ కణాలు ఒకే గాంగ్లియాన్ కణం వాకిట్లో చేరతాయి. వివరం పోతుంది, దానికి బదులు మసక వెలుగుని పట్టే శక్తి వస్తుంది. బాపట్లలో మబ్బు పల్చగా ఉన్న రాత్రి సూర్యలంక ఒడ్డుకి వెళ్లి అరుంధతిని తిన్నగా చూడు, జారిపోతుంది. చూపు కాస్త పక్కన పెట్టు, తేలుతుంది. ఢిల్లీ ఆకాశంలో నాకా భాగ్యం లేదు.

ఇక మిగిలిన అయిదో రకం, అమక్రైన్ కణాల గురించి చాలా చెప్పవచ్చు గానీ ఒక్కటే చెబుతాను. 1965లో బార్లో, లెవిక్‌లు కుందేలు రెటీనా మీద పని చేస్తూ ఉండగా ఒక వైపు కదిలే వస్తువుకే స్పందించి ఎదురు వైపు కదిలితే ఊరుకునే కణాల సంగతి వివరంగా తెలిసింది. ఆ ఎంపిక వెనక ఉన్నది అమక్రైన్ కణాలేనని తర్వాత తేలింది. అంటే కదలిక ఎటు అన్న లెక్క మెదడుకి చేరకముందే, కంట్లోనే జరిగిపోతుంది.

ఆ కదలిక విలువ ఎంతో ఈ ఊళ్లోనే తెలిసింది. ఐఐటీ ఢిల్లీలో చదివి, అమెరికాలో ఎం.ఐ.టి.లో ఆచార్యుడైన పవన్ సిన్హా, దరియాగంజ్‌లోని డాక్టర్ ష్రాఫ్ ధర్మ కంటి ఆసుపత్రి వైద్యులతో కలిసి ప్రాజెక్ట్ ప్రకాశ్ అనే పని మొదలుపెట్టాడు. పుట్టుకతో శుక్లాలు వచ్చి, ఆపరేషన్ దొరక్క ఏళ్ల తరబడి చూపు లేకుండా పెరిగిన పిల్లల్ని వెతికి వైద్యం చేయిస్తారు. శుక్లం తీశాక వాళ్లు ఏం చూస్తున్నారో అడిగి తెలుసుకుంటారు. 1688లో మాలినూ అనే ఐరిష్ పండితుడు తత్వవేత్త లాక్‌కి నీలాగే ఒక ప్రశ్న పంపాడు. పుట్టుకతో చూపు లేనివాడు చేత్తో తడిమి బంతినీ ఘనాన్నీ గుర్తుపట్టగలడు. అతనికి చూపు వస్తే తాకకుండా ఏది ఏదో చెప్పగలడా? మూడు వందల ఏళ్ల తర్వాత, 2011లో అచ్చయిన పరిశోధనలో, 8 నుంచి 17 ఏళ్ల మధ్య వయసున్న అయిదుగురు పిల్లలు జవాబిచ్చారు. వెంటనే చెప్పలేకపోయారు. కానీ కొద్ది రోజుల్లోనే నేర్చుకున్నారు.

అంతకన్నా నా మనసు పట్టుకున్నది 2009లో వచ్చిన మరో పరిశోధన. చూపు కొత్తగా వచ్చినవాళ్లకి ఒకదాని మీద ఒకటి పడిన ఆకారాలు చూపిస్తే ఏ ముక్క దేనిదో తెలియలేదు. ప్రతి అంచూ విడిగా ఒక వస్తువే అనిపించింది. అవే ఆకారాల్ని కదిలించి చూపిస్తే, కలిసి కదిలేవన్నీ ఒకటని గుర్తుపట్టారు. రెటీనా పంపే అంచుల్ని చదవడం మెదడు నేర్చుకోవాలి. ఆ చదువులో మొదటి గురువు కదలిక. ఏళ్ల తరబడి చీకట్లో ఉన్న పిల్లలు ఇంత నేర్చుకోగలిగారంటే, ఇంత వయసు వచ్చాక ఆపరేషన్ దండగ అనడం తప్పు. ఆ మాట ఎవరన్నా అంటే నువ్వు ఊరుకోవద్దు.

ఇక చివరి సంగతి. దీనికి నీ సాయం కావాలి. ఒక కాగితం మీద రెండు బొట్టు స్టిక్కర్లు ఎనిమిది సెంటీమీటర్ల ఎడంగా అంటించు. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఎడమ బొట్టునే చూస్తూ కాగితాన్ని మెల్లగా ముందుకీ వెనక్కీ జరుపు. జానెడు దాటి ఒకచోట కుడి బొట్టు మాయమవుతుంది. అప్పుడు దాని బొమ్మ రెటీనాలో దృక్ నాడి బయటికి వెళ్లే చోట పడుతుంది, అక్కడ వెలుగుని పట్టే కణాలు లేవు. అయినా అక్కడ నీకు చిల్లు కనపడదు. చుట్టూ ఉన్న కాగితపు తెలుపే కనిపిస్తుంది. అందుకే బాగా కనిపిస్తోంది కదా అని కన్ను బాగుందనుకోకూడదు.

మా అక్కకి, అదే మీ నాయనమ్మకి, షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. కళ్లు చూపించుకోమంటే "నాకు బాగానే కనిపిస్తోందిరా" అంటుంది. నాకూ షుగరుంది, నాకూ బాగానే కనిపిస్తోంది. అయినా మొన్న నా రావి ఆకు ఈనెల పక్కన మూడు చోట్ల సన్నటి రక్తపు చుక్కలు ఉన్నాయని డాక్టరమ్మ చెప్పింది. షుగరు ఆ నాళాలనే ముందు దెబ్బ తీస్తుంది, నొప్పి ఉండదు. గాంగ్లియాన్ కణం ఒకసారి పోతే మళ్లీ పుట్టదు. నాది తొలిదశే, షుగరు అదుపులో పెట్టుకుంటే చాలన్నారు.

బొట్టు స్టిక్కర్ల పరీక్ష ముందు నాయనమ్మ చేత చేయించు. తర్వాత ఈ నెలలోనే గుంటూరు తీసుకెళ్లి చుక్కలు వేయించి రెటీనా పరీక్ష చేయించు. చుక్కలు వేశాక కొన్ని గంటలు అంతా మసగ్గా ఉంటుంది, చెయ్యి వదలకు. డాక్టరు చెప్పినదంతా కాగితం మీద రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
తాతయ్య