ప్రజాధనము – ప్రజల నమ్మకము

వేరుసెనగ అమ్మబోయిన రైతు ఒక కాటాలో మోసము కనుగొనినచో, ఆపై ప్రతి కాటాను శంకించును. తప్పెరుగని వర్తకునిపైని కూడ ఆ శంక పడును. ప్రభుత్వ సంస్థల సంగతియు ఇట్టిదే. ఒకచోట ప్రజాధనమును కాజేసినవారు కొందరే. అపనమ్మకము మాత్రము మండల కచేరి మొదలు సహకార సంఘము వరకు అన్నిటికిని ప్రాకును.

కరవు సీమవారమైన మనకు ఇది క్రొత్త కాదు. 2001, 2002 సంవత్సరములలో ఆంధ్ర ప్రదేశమున పనికి ఆహార పథకము నడచినది. కూలికి బియ్యమిచ్చు ఏర్పాటది. కంట్రాక్టర్లు ఉండరాదని నిబంధన యున్నను పెక్కుచోట్ల వారే పనులు నడిపిరి. యంత్రములు పనిచేసినవి, మస్టరు పట్టీలలో కూలీల పేర్లు వ్రాయబడినవి, బియ్యము అంగళ్లకు చేరినది. ఇది రచ్చకెక్కిన పిమ్మట, సర్కారు పని తన పేర వచ్చినను ఫలము పరులదేయను తలంపు బీదవాని మనస్సున నాటుకొనినది.

ఇట్టి అనుమానముల నడుమనే 2006 ఫిబ్రవరి 2వ తేదీన మన జిల్లా నార్పల మండలము బండ్లపల్లెలో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు గ్రామీణ ఉపాధి హామీ పథకమును ప్రారంభించిరి. కుటుంబమునకు ఏటా 100 దినముల పని అప్పటి వాగ్దానము. 2005 నాటి ఆ చట్టము 17వ సెక్షను, పనుల లెక్కలను తనిఖీ చేయు అధికారమును గ్రామసభకే ఇచ్చినది. రాజస్థానమున మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు 1994 నుండి జరిపిన బహిరంగ విచారణలు దీనికి మార్గదర్శకములు.

ఆ 2006లోనే మన జిల్లాలో పెద్దయెత్తున సామాజిక తనిఖీ సాగినది. తనిఖీదార్లు మస్టరు పట్టీలతో ఇంటింటికి పోయి, వ్రాసిన కూలి నిజముగా ముట్టినదా యని అడుగుదురు. చేసిన పనిని కొలతురు. పిమ్మట అధికారుల యెదుట, చదువురానివారికిని తెలియునట్లు, లెక్కను సభలో బిగ్గరగా చదువుదురు. ఇదియే తనిఖీ పద్ధతి. రాష్ట్రమున ఇట్టి సభలలో తిన్న సొమ్మును అక్కడికక్కడే తిరిగి చెల్లించినవారును కలరు.

అయితే పాఠము ఇంతటితో ముగియదు. తేలిన సొమ్ములో వసూలైనది కొద్ది భాగమే. సాక్ష్యము చెప్పిన కూలి, తప్పుడు పట్టీ వ్రాసినవాని యెదుటనే ఆ యూర బ్రదుకవలెను. వానికి శిక్ష లేనిచో కూలి మరుసటి సభలో నోరు విప్పునా? దొంగతనము వలన పోవు నమ్మకముకంటె, దొంగ దొరికియు తప్పించుకొనుట వలన పోవు నమ్మకము ఎక్కువ. లెక్క చదువుట సగము పని. సొమ్ము రాబట్టుట తక్కిన సగము.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు:

1. గత సర్వసభ్య సమావేశమున జమాఖర్చులు చదివిరా, లేక చేతులెత్తించి ముగించిరా?

2. ఆడిటరు చూపిన లోపములలో సరిదిద్దినవెన్ని?

3. లెక్క అడిగిన సభ్యుని శత్రువుగా చూచుచున్నామా, సంఘమునకు కావలివానిగా చూచుచున్నామా?