పాత అలమరకు కొత్త రంగు

పిల్లలూ! బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇంట్లో అందరికంటే ముందు ఖాళీ అయ్యేది అలమర. కొత్త ఊళ్లో అందరికంటే ముందు నిండేదీ అదే. క్వార్టరు గోడలు మనవి కావు. వాటి రంగు మనం నిర్ణయించం. మేకు కొట్టాలన్నా ఆలోచిస్తాం. అలమర మాత్రం మనది. ఏ ఊరు వెళ్లినా మనతో వస్తుంది.

మేము నగర్‌నార్ చేరిన రోజు లారీలోంచి దించుతుంటే మా వంటింటి అలమర తలుపు ఒకచోట గీరుకుపోయి కనిపించింది. ఆ గీతలో మూడు రంగులు బయటపడ్డాయి. పైన మీగడ రంగు, దాని కింద చిలకపచ్చ, అడుగున నీలం. మూడు ఊళ్లలో వేసిన మూడు పూతలు. అంతా గీకేసి కొత్తగా రంగు వేద్దామనుకున్నాం. గరుకు కాగితం కూడా తెచ్చుకున్నాం. తీరా మొదలుపెట్టబోయే ముందు ఒక ప్రశ్న వచ్చింది. అడుగునున్న ఆ నీలం ఏ సంవత్సరానిది? ఈ పాఠం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

పాత రంగు వయసు ఎందుకు అడగాలి?

పూర్వం ఇంటి రంగుల్లో సీసం సమ్మేళనాలు కలిపేవారు. రంగు మెరుస్తుందని, త్వరగా ఆరుతుందని, ఎక్కువకాలం నిలుస్తుందని కలిపేవారు. అలాంటి పూతను పొడిగా గీకితే సన్నని ధూళి లేస్తుంది. అది నేల మీద, బొమ్మల మీద, చేతుల మీద పడి నోట్లోకి చేరుతుంది. సీసం పెద్దలకూ హాని చేస్తుంది కాని, ఎదిగే పిల్లల మెదడుకు మరీ ఎక్కువ హాని చేస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పగలిగిన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని అదుపు చేసే నియమాలు 2016లో వచ్చాయి. 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. వాటి ప్రకారం పది లక్షల పాళ్ల రంగులో సీసం 90 పాళ్లు మించకూడదు. కాబట్టి అంతకుముందు వేసిన పూత అయితే అందులో సీసం ఉండవచ్చని అనుకుని జాగ్రత్తపడటమే మంచిది.

మా నీలం 2017కు ముందుది. అందుకే గీకే ఆలోచన మానుకున్నాం. పాత పూత గట్టిగా పట్టి ఉంటే దాని మీదే కొత్త పూత వేయవచ్చు. గరుకు చేయక తప్పనిచోట ఉపరితలాన్ని తడిపి, నీటిలో వాడే గరుకు కాగితంతో పెద్దవాళ్లే తేలికగా రుద్దాలి. కింద ప్లాస్టిక్ పట్టా పరచాలి. చీపురుతో ఊడ్చకూడదు, తడిగుడ్డతో తుడవాలి. ఆ సమయంలో పిల్లలు, ముఖ్యంగా మీ చిన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ గదిలో ఉండకూడదు. పాత రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంటే ఇంట్లో చేయకుండా తెలిసిన పనివారికి అప్పగించాలి.

పని వరుస

1. అలమర ఖాళీ చేసి పిడులు, బందులు, మరలు విప్పాలి. ఒక్కో తలుపువి ఒక్కో కవరులో వేసి పేరు రాయాలి. సామాను కట్టేటప్పుడు మనం చేసే పనే ఇది.
2. సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. వంటింటి జిడ్డు మీద రంగు నిలవదు.
3. గుంటలు, పగుళ్లు లప్పంతో నింపి, ఆరాక నునుపు చేయాలి.
4. ప్రైమరు ఒక పూత వేయాలి.
5. ఎనామెల్ రంగు పలచగా రెండు పూతలు వేయాలి. మందంగా ఒకేసారి వేస్తే కారి, ముడతలు పడుతుంది. పూతకూ పూతకూ మధ్య డబ్బా మీద రాసినంత సమయం ఇవ్వాలి.
6. కిటికీలు తెరిచి ఉంచాలి. పైకి ఆరినట్టు కనిపించినా తలుపులు వెంటనే మూయకూడదు, అంటుకుపోతాయి.

బస్తర్‌లో వానాకాలం గట్టిది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే రంగు ఆలస్యంగా ఆరుతుంది, మెరుపు తగ్గుతుంది. అందుకే మేము దసరా దాటేదాకా ఆగాం.

రంగు ఎంత కొనాలో లెక్క కట్టండి. అలమర 6 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, 1.5 అడుగుల లోతు అనుకుందాం. ముందు భాగం 18, రెండు పక్కలు కలిపి 18, పైభాగం 4.5. మొత్తం 40.5 చదరపు అడుగులు. రెండు పూతలకు 81. డబ్బా మీద లీటరుకు 100 చదరపు అడుగులు అని ఉంటే ఒక లీటరు చాలు.

ఎర్ర ప్రైమరు, మన పక్క కొండ

ఇనుప బీరువాకు ముందుగా వేసే ఎర్రటి ప్రైమరు చూశారా? దాన్ని రెడ్ ఆక్సైడ్ అంటారు. ఆ ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. బైలాడిలా కొండల్లో దొరికే హెమటైట్ ఖనిజంలో ఉన్న ముఖ్య పదార్థం కూడా అదే. ఆ కొండల ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో అరకు మీదుగా విశాఖపట్నం వైపు వెళ్తుంది. నగర్‌నార్ ఉక్కు కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 30 లక్షల టన్నులు. 2023 అక్టోబరు 3న దాన్ని జాతికి అంకితం చేశారు. మీ నాన్నగారో అమ్మగారో పనిచేసే చోట ఉక్కుగా మారే పదార్థమే, మెత్తని పొడిగా మారితే ఉక్కును తుప్పు నుంచి కాపాడే పూతలో చేరుతుంది.

ఈ ఎరుపు కొత్తది కాదు. మన పల్లెల్లో గోడలకు, అరుగులకు పూసే జాజు ఎరుపు కూడా ఐరన్ ఆక్సైడే. లేపాక్షి ఆలయంలో విజయనగర కాలపు చిత్రాల్లోనూ మట్టి రంగుల ఎరుపు కనిపిస్తుంది.

రంగులు ఎలా ఎంచుకోవాలి?

న్యూటన్ 1704లో ప్రచురించిన గ్రంథంలో రంగులను ఒక చక్రంగా అమర్చాడు. రంగులు కలిపేవారు నేడు వాడే చక్రంలో పక్కపక్కన ఉన్నవి, ఉదాహరణకు నీలం, ఆకుపచ్చ, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఎదురెదురుగా ఉన్నవి, ఉదాహరణకు నీలం, నారింజ, ఒకదాన్నొకటి ఎత్తి చూపుతాయి. ఎదురు రంగులు రెండూ సమానంగా వాడితే కంటికి పోట్లాటలా ఉంటుంది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉండాలి.

ఒకే ఊళ్లో ఉండేవారు గోడను చూసి అలమర రంగు ఎంచుకుంటారు. మనకు రాబోయే క్వార్టరు గోడ ఎలా ఉంటుందో తెలియదు. అందుకని మేము ఇలా ఆలోచించాం. పెద్ద భాగానికి ఏ గోడ పక్కనైనా ఇమిడే గంధం రంగు. చుట్టూ అంచులకు ఇటుక రంగు. లోపలి అరలకు మాత్రం మనసుకు నచ్చిన నెమలికంఠం రంగు. తలుపు తీస్తేనే అది కనిపిస్తుంది కాబట్టి ఏ గోడతోనూ తగాదా రాదు.

కొనేముందు ఒక అట్టముక్క మీద రంగు వేసి ఉదయం ఎండలో, మధ్యాహ్నం నీడలో, రాత్రి దీపం కింద చూడండి. ఒకే రంగు మూడు రకాలుగా కనిపిస్తుంది. ఎంచుకున్నాక ఆ రంగు పేరు, సంఖ్య ఒక కాగితం మీద రాసి తలుపు లోపల అంటించండి. తర్వాతి ఊళ్లో గీత పడితే అదే రంగు మళ్లీ కలిపించుకోవచ్చు.

తెలుగులో రంగుల పేర్లు

దుకాణంలో “పచ్చ రంగు ఇవ్వండి” అంటే ఏది ఇవ్వాలి? పచ్చగడ్డి ఆకుపచ్చగా ఉంటుంది. పచ్చకామెర్లు వచ్చినవారి కళ్లు పసుపుగా ఉంటాయి. తెలుగులో ‘పచ్చ’ ఈ రెండింటికీ చెల్లుతుంది. అందుకే తేడా తెలియడానికి ఆకుపచ్చ, పసుపుపచ్చ అంటాం. హిందీలో రంగు ‘పీలా’, వంటింట్లోది ‘హల్దీ’. తెలుగులో రెండూ ‘పసుపే’.

మన రంగుల పేర్లలో చాలావరకు చూసిన వస్తువుల పేర్లే. గంధం, ఇటుక, మీగడ, వంకాయ, కనకాంబరం, చిలకపచ్చ, నెమలికంఠం, ఉల్లిపొర. ఆ వస్తువు చూడనివారికి ఆ రంగు అందదు. ఊరు మారి భాష వాడకం తగ్గితే ముందు జారిపోయేవి ఇలాంటి మాటలే. అప్పుడు అన్నీ ‘లైట్’, ‘డార్క్’ అయిపోతాయి.

ఒక వ్యాకరణ విషయం కూడా గుర్తుంచుకోండి. ఎరుపు, తెలుపు, నలుపు నామవాచకాలు. ఎర్ర, తెల్ల, నల్ల విశేషణాలు. “అలమర రంగు తెలుపు” అంటాం, “తెల్ల అలమర” అంటాం.

‘అలమర’ మాట కూడా బదిలీ మీద వచ్చినదే. పోర్చుగీసు ‘అర్మారియో’ నుంచి వచ్చి హిందీలో ‘అల్మారీ’ అయింది, మన దగ్గర అలమర అయింది.

చివరిగా

మా అలమరకు ఒక తలుపు లోపలివైపు రంగు వేయలేదు. అక్కడ పిల్లల ఎత్తులు పెన్సిలుతో గీసి, పక్కన ఊరి పేరు, తేదీ రాసి ఉన్నాయి. రంగువేసే ముందు “అదీ తుడిచేద్దామా?” అన్నారు ఒకరు. ఎవరూ ఒప్పుకోలేదు. పూత గట్టిగా ఉంది, పెచ్చు లేదు, వదిలేసినందువల్ల నష్టం లేదు. ఇప్పుడు అక్కడ చివరి గీత పక్కన నగర్‌నార్ అని ఉంది.

అభ్యాసం

1. మీ ఇంట్లో బదిలీల్లో వెంట వచ్చిన ఒక వస్తువు గురించి అయిదు వాక్యాలు రాయండి. దాని రంగుకు ఒక తెలుగు పేరు పెట్టండి.
2. వస్తువుల పేర్లతో ఏర్పడిన రంగుల పేర్లు పది సేకరించండి. అమ్మమ్మకో తాతయ్యకో ఫోను చేసి అడగండి.
3. 5 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు ఉన్న అలమరకు రెండు పూతలకు ఎంత రంగు కావాలి? వెనుక భాగం, అడుగు భాగం వదిలి లెక్క కట్టండి.
4. పాత రంగును పొడిగా ఎందుకు గీకకూడదో మీ ఇంట్లో తెలుగులో వివరించండి.